పెనవేసుకున్న కణాలు: క్వాంటం ఎంటాంగిల్‌మెంట్‌కు తొలి పరిచయం

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా ఆస్పరిలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. గురించి, బకాయిల గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంట్ గురించి నాకంటే బాగా తెలిసినవారు నా తర్వాత మాట్లాడతారు. నాకు కార్యదర్శి గారు ఇచ్చిన పని వేరు. "పేపరు తిరగేస్తే క్వాంటం, టీవీ పెడితే క్వాంటం. అదేమిటో మాకూ అర్థమయ్యేట్టు అరగంట చెప్పండి సార్" అన్నారు. ఇంటర్మీడియట్ పిల్లలకు ముప్పై రెండేళ్లు భౌతిక శాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి. చాక్‌పీసు పట్టుకొని చాలా కాలమైంది కాబట్టి అడిగిందే తడవుగా ఒప్పుకున్నాను.

ఈ విషయం మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. మూడు కారణాలు మనవి చేస్తాను. ఒకటి, మన రాష్ట్రంలో అమరావతిలో క్వాంటం వ్యాలీ అని పెట్టదలిచారు. మనవలు, మనవరాళ్లు దాన్ని గురించి అడుగుతున్నారు. రెండు, మన పెన్షన్ ఖాతాలకు కాపలా కాసే రహస్య సంకేతాలకూ దీనికీ సంబంధం ఉంది. మూడు, "క్వాంటం" అనే మాట పెట్టి పెద్దవాళ్లకు రకరకాల సరుకులు అమ్ముతున్నారు. మన సభ్యుల్లో ఒకరు గ్రాట్యుటీ డబ్బులో కొంత అలా పోగొట్టుకున్నారు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

అసలు విషయానికి వస్తాను.

డిసెంబరు 1982

ఈ రోజు మనం పండుగ చేసుకునేది ఎందుకో అందరికీ తెలుసు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షను ఎవరో దయతలచి పెట్టే భిక్ష కాదని తేల్చింది. ఆ తర్వాత సరిగ్గా మూడు రోజులకు, డిసెంబరు 20న, అమెరికాలోని ఒక భౌతిక శాస్త్ర పత్రికలో నాలుగైదు పేజీల వ్యాసం ఒకటి వెలువడింది. రాసినవారు పారిస్ దగ్గర పనిచేసే అలెన్ ఆస్పే, ఆయన సహచరులు. ఐన్‌స్టీన్‌కూ, నీల్స్ బోర్‌కూ మధ్య 1935 నుంచి నడుస్తున్న వివాదంలో అదీ ఒక తీర్పు వంటిదే. ఆ పనికే ఆస్పేకు 2022లో నోబెల్ బహుమతి వచ్చింది. అమెరికాకు చెందిన జాన్ క్లౌజర్, ఆస్ట్రియాకు చెందిన ఆంటన్ జైలింగర్ ఆ బహుమతిని ఆయనతో పంచుకున్నారు.

మన తీర్పు ఏం చెప్పిందో మనకు కంఠతా వచ్చు. ఆ రెండో తీర్పు ఏం చెప్పిందో ఈ అరగంటలో చూద్దాం.

వెలుతురు గింజలు

వెలుతురు మనకు ధారగా కనిపిస్తుంది. నిజానికి అది గింజలు గింజలుగా వస్తుంది. కందులు పోస్తుంటే దూరం నుంచి ధారలా కనబడి, దగ్గరికి పోతే గింజలు కనబడినట్టు. ఒక్కో వెలుతురు గింజను ఫోటాన్ అంటారు.

ఈ ఫోటాన్‌కు తన చుట్టూ తాను తిరిగే గుణం వంటిది ఒకటి ఉంటుంది. దాన్ని స్పిన్ అంటారు. కొలిచి చూస్తే రెండే రకాలు: కుడి, లేదా ఎడమ. మధ్యస్థం దొరకదు. ఈ స్పిన్‌కు ప్రయోగపూర్వకంగా రుజువు చూపిన ఇద్దరిలో ఒకరు మన తెలుగువారని చెప్పడానికి గర్వంగా ఉంది. ఆయన కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం గారు. కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేస్తూ, 1931లో రామన్‌తో కలిసి ఆ ఫలితాన్ని ప్రకటించారు. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా, ఉస్మానియా ఉపకులపతిగా, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. 1989లో కన్నుమూశారు. ఆయన పేరు మన పిల్లలకు తెలియకపోవడం మన లోటు.

ఆ గుణానికి ఇంకో రూపం పోలరైజేషన్, అంటే వెలుతురు ఊగే దిక్కు. ఇంట్లో చూసుకోవచ్చు. పోలరాయిడ్ కూలింగ్ గ్లాసులు ఒక జత తీసుకోండి. పాత కాలిక్యులేటర్ తెర ముందు పెట్టి మెల్లగా తిప్పండి. ఒక కోణంలో అంకెలు బాగా కనిపిస్తాయి, ఇంకో కోణంలో తెరంతా నల్లబడిపోతుంది. ఆ అద్దం ఒక దిక్కున ఊగే వెలుతురును వదులుతుంది, దానికి అడ్డదిక్కున ఊగేదాన్ని ఆపేస్తుంది. ఒక్కో ఫోటాన్ విషయంలో అయితే సగం సగం ఉండదు. పోతే పోతుంది, ఆగితే ఆగుతుంది. అవును, కాదు. రెండే జవాబులు. ఈ మాట గుర్తుంచుకోండి.

చెప్పుల జత

ఇప్పుడు రెండు ఫోటాన్లు ఒకేసారి, ఒకేచోట పుట్టాయనుకోండి. ఇప్పటి ప్రయోగశాలల్లో ఊదారంగు లేజరు కిరణాన్ని ఒక ప్రత్యేకమైన స్ఫటికం గుండా పంపుతారు. ఎప్పుడో ఒకసారి ఒక ఊదా ఫోటాన్ మాయమై, దాని స్థానంలో తక్కువ శక్తి గల రెండు ఫోటాన్లు పుడతాయి. అవి చెరో దారిన పోతాయి. ఒకే కోణంలో పెట్టిన అద్దాలతో రెండింటినీ పరీక్షిస్తే, ఒకటి దాటితే రెండోదీ దాటుతుంది, ఒకటి ఆగితే రెండోదీ ఆగుతుంది. ఎన్నిసార్లు చూసినా అంతే.

ఇందులో వింతేముంది అని మీరు అడగాలి. అడగడం న్యాయమే. ఆస్పరి స్టేషనులో ఒక చెప్పుల జతను విడదీసి, ఒక్కో చెప్పును ఒక్కో పెట్టెలో పెట్టి, ఒకటి గుంతకల్లు వైపు, ఇంకొకటి రాయచూరు వైపు రైల్లో పంపామనుకోండి. గుంతకల్లులో పెట్టె విప్పినవాడికి ఎడమ చెప్పు కనబడితే, రాయచూరు పెట్టెలో కుడి చెప్పుందని ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. ఇందులో మాయ లేదు. ఏ పెట్టెలో ఏదుందో ఆస్పరిలోనే ఖాయమైంది.

ఐన్‌స్టీన్ కూడా సరిగ్గా ఇలాగే వాదించారు. 1935లో పొడోల్‌స్కీ, రోజెన్ అనే ఇద్దరితో కలిసి ఒక వ్యాసం రాశారు. క్వాంటం సిద్ధాంతం ప్రకారం, కొలిచేదాకా ఫోటాన్‌కు ఖాయమైన జవాబు లేదు. ఇక్కడ కొలవగానే ఇక్కడి జవాబూ అక్కడి జవాబూ ఒకేసారి ఖాయమవుతాయి. దూరాన ఉన్నదాన్ని దెయ్యం ఆడించినట్టుందే అని ఐన్‌స్టీన్‌కు అది నచ్చలేదు. జవాబు ముందే పెట్టెలో ఉండాలి, మీ సిద్ధాంతానికి అది కనబడటం లేదు, కాబట్టి సిద్ధాంతం అసంపూర్ణం అన్నారు. అదే ఏడు ష్రోడింగర్ ఈ సంబంధానికి ఎంటాంగిల్‌మెంట్ అనే పేరు పెట్టారు. ఆయన వాడిన జర్మన్ మాటకు చేతులు ఒకదానిలో ఒకటి కట్టుకోవడం అనే భావం ఉంది. తెలుగులో కొందరు చిక్కుముడి అంటారు. చిక్కు అనగానే విప్పుకోవలసిన ఇబ్బంది అనిపిస్తుంది. ఎమ్మిగనూరు మగ్గాలు చూసిన మనకు పెనవేత అనడం బాగుంటుందని నా అభిప్రాయం.

ఐన్‌స్టీన్ అన్నట్టు చెప్పుల జతేనా? బోర్ అన్నట్టు కొలిచేదాకా ఖాయం కాదా? దాదాపు ముప్పై ఏళ్లు ఇది తేలని తగవుగానే ఉండిపోయింది. విప్పిచూడకముందు పెట్టెలో ఏముందో విప్పకుండా తెలుసుకోవడం ఎలా అని అందరూ వదిలేశారు.

వదలనివాడు జాన్ బెల్. ఐర్లండులోని బెల్‌ఫాస్ట్‌లో పేద కుటుంబంలో పుట్టినవాడు. జెనీవాలో సెర్న్ సంస్థలో ఆయన ఉద్యోగం కణ భౌతిక శాస్త్రానికి, యాక్సిలరేటర్లకు సంబంధించినది. ఈ తగవు గురించిన ఆలోచన తీరిక వేళల పని. 1964లో ఒక చిన్న వ్యాసం రాసి, పెట్టె విప్పకుండానే తగవు తేల్చే లెక్క చూపించారు. ఆ లెక్క మనందరికీ అర్థమవుతుంది. కూడికలు వస్తే చాలు.

రెండు పరీక్ష హాళ్లు

మనలో టీచర్లు ఎక్కువమంది. ఇన్విజిలేషన్ చేసినవాళ్లం, స్క్వాడ్‌తో తిరిగినవాళ్లం. చీటీల సంగతి మనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

రాముడు, భీముడు అని కవల పిల్లలు ఉన్నారనుకోండి. రాముడికి ఆదోనిలో పరీక్ష, భీముడికి ఎమ్మిగనూరులో. ప్రశ్నలు మొత్తం మూడే. జవాబు "అవును" లేదా "కాదు". ప్రతి విడతలోనూ ఒక్కొక్కరిని ఒక్క ప్రశ్నే అడుగుతారు. ఏ ప్రశ్న అడగాలో ఆ నిమిషంలో, ఆ హాలులోనే లాటరీ తీసి నిర్ణయిస్తారు. ఇలా వేలసార్లు పరీక్ష జరుగుతుంది.

పేపర్లు దిద్దేవారు ఒక విషయం గమనించారు. ఇద్దరికీ ఒకే ప్రశ్న వచ్చిన ప్రతిసారీ ఇద్దరి జవాబూ ఒకటే. నూటికి నూరుసార్లు. మీరైతే ఏమంటారు? చీటీ పెట్టుకొని వచ్చారు అంటారు. ప్రతి విడతకూ ముందుగానే ఆస్పరి బస్టాండులో కూర్చొని, మూడు ప్రశ్నలకూ జవాబులు రాసుకొని, చెరో నకలు జేబులో వేసుకొని పోయారు. ఐన్‌స్టీన్ చెప్పింది కూడా ఇదే.

సరే, చీటీ ఉందనే అనుకొని లెక్క కడదాం. చీటీలో మూడు జవాబులు ఉంటాయి. మూడూ ఒకటే అయినా కావాలి, లేదా రెండు ఒకలా, ఒకటి వేరుగా అయినా ఉండాలి. జవాబులు రెండే రకాలు కాబట్టి ఇంకో దారి లేదు.

ఇప్పుడు ఇద్దరికీ వేర్వేరు ప్రశ్నలు వచ్చిన విడతలను మాత్రమే తీసుకుందాం. ప్రశ్నల జతలు మూడు రకాలు: ఒకటి-రెండు, రెండు-మూడు, ఒకటి-మూడు. చీటీలో మూడూ ఒకటే అయితే మూడు జతల్లోనూ జవాబులు కలుస్తాయి. రెండు ఒకలా ఉంటే ఒక్క జతలో కలుస్తాయి. అంటే ఎంత తెలివిగా చీటీ రాసినా, మూడింట ఒక వంతుకు తగ్గకుండా జవాబులు కలిసి తీరాలి. వేర్వేరు ప్రశ్నలు వచ్చిన 300 విడతల్లో రమారమి 100 అయినా కలవాలి. అంతకంటే తగ్గించడం ఏ చీటీ వల్లా కాదు.

ఈ లెక్కలో భౌతిక శాస్త్రం ఎక్కడా లేదని గమనించండి. వట్టి ఎంపికల లెక్క. ఎవరూ కాదనలేనిది.

ఇప్పుడు పిల్లల స్థానంలో ఫోటాన్లను పెట్టండి. మూడు ప్రశ్నలంటే అద్దాన్ని పెట్టే మూడు కోణాలు: 0, 60, 120 డిగ్రీలు. దాటితే అవును, ఆగితే కాదు. ఒకే కోణం పెడితే ఎప్పుడూ ఒకే జవాబు. వేర్వేరు కోణాలు పెడితే? క్వాంటం సిద్ధాంతం ప్రకారం నాలుగింట ఒక వంతు మాత్రమే కలవాలి. 300కు 75. ఈ నాలుగో వంతు ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. ఒక పోలరాయిడ్ అద్దం దాటిన వెలుతురుకు 60 డిగ్రీలు తిప్పిన రెండో అద్దం అడ్డుపెడితే నాలుగో వంతే దాటుతుంది. మనం ఇంటర్‌లో చెప్పే పాఠమే.

చీటీ ఉంటే కనీసం 100. సిద్ధాంతం చెప్పేది 75. ఆ 25 తేడా దగ్గర తగవు తేలుతుంది. కొలిచి చూస్తే సరి.

ప్రయోగశాలల తీర్పు

1972లో అమెరికాలోని బర్కిలీలో జాన్ క్లౌజర్, స్టూవర్ట్ ఫ్రీడ్‌మన్ కొలిచి చూశారు. కాల్షియం అణువుల నుంచి ఒక ఆకుపచ్చ ఫోటాన్, ఒక ఊదా ఫోటాన్ జతగా వెలువడేట్టు చేశారు. చీటీల సిద్ధాంతం ఓడిపోయింది.

అయితే ప్రతివాది వకీలు ఊరుకుంటాడా? ఒక సందేహం లేవదీశాడు. చీటీ లేకపోవచ్చు, రాముడు భీముడికి రహస్యంగా ఫోన్ చేసి ఉండకూడదా? నాకు రెండో ప్రశ్న వచ్చింది, నేను అవును అన్నాను, దానికి తగ్గట్టు నువ్వు చెప్పు అని? అద్దాల కోణాలు ముందే బిగించి ఉంచితే ఫోటాన్లకు ఏదో కబురు అంది ఉండవచ్చు కదా?

దీనికి విరుగుడు వేగం. ఏ కబురైనా కాంతి కంటే వేగంగా పోలేదు. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆదోని నుంచి ఎమ్మిగనూరు రమారమి 30 కిలోమీటర్లు అనుకుంటే కాంతికి సెకనులో పదివేలవ వంతు పడుతుంది. ప్రశ్న అడగడం, జవాబు తీసుకోవడం అంతకంటే తక్కువ కాలంలో ముగిస్తే ఫోన్ చేసే వ్యవధే ఉండదు. ఆస్పే చేసింది ఈ పనే. ఆయన రెండు హాళ్ల మధ్య దూరం కేవలం 12 మీటర్లు. ఫోటాన్లు దారిలో ఉండగానే ప్రశ్న మారిపోయేట్టు, సెకనులో పదికోట్లవ వంతుకు ఒకసారి మారే స్విచ్చులు పెట్టారు. అయినా క్వాంటం లెక్కే నెగ్గింది. అదే 1982 డిసెంబరు నాటి వ్యాసం.

ఇంకా చిన్నచిన్న కంతలు మిగిలాయి. వాటిని పూడ్చిన ప్రయోగాల్లో మొదటిది 2015లో హాలండులోని డెల్ఫ్ట్ పట్టణంలో జరిగింది. అది మన ప్రాంతం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఎందుకంటే అక్కడ వాడింది వజ్రాలు. తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో మన జనం వజ్రాల కోసం కళ్లు చిట్లించుకొని తిరుగుతారు. మచ్చలేని రాయికి ధర ఎక్కువ పలుకుతుంది. డెల్ఫ్ట్ వాళ్లకు కావలసింది మాత్రం మచ్చ. వజ్రమంటే కార్బన్ అణువుల అల్లిక. అందులో ఒక కార్బన్ బదులు నైట్రోజన్ చేరి, దాని పక్క గది ఖాళీగా ఉంటే, అక్కడి ఎలక్ట్రాన్ల స్పిన్‌ను చాలాసేపు చెదరకుండా ఉంచవచ్చు. ప్రయోగశాలలో తయారుచేసిన అటువంటి రెండు చిన్న వజ్రాలను 1.3 కిలోమీటర్ల దూరంలో ఉంచి, వాటి ఎలక్ట్రాన్లను పెనవేశారు. ఎన్నో రోజులు కష్టపడితే పనికొచ్చిన విడతలు 245 దొరికాయి. వాళ్ల లెక్క పద్ధతిలో చీటీలకు గరిష్ఠ పరిమితి 2. వచ్చిన ఫలితం 2.42. 2017లో చైనా వాళ్లు ఉపగ్రహం నుంచి ఫోటాన్ జతలను 1,200 కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు కేంద్రాలకు పంపి చూశారు. అప్పుడూ అదే తీర్పు.

కాబట్టి తేలిందేమిటి? ముందే రాసుకున్న చీటీలు, కాంతిని మించని కబుర్లు, ఈ రెంటితో ప్రకృతి నడుస్తోందని అనుకుంటే లెక్క కుదరదు. పెనవేసుకున్న రెండు కణాలను రెండు విడివిడి వస్తువులుగా చూడటానికి వీల్లేదు. రెంటికీ కలిపి ఒకటే స్థితి. దీని అంతరార్థం ఏమిటన్న దానిపై శాస్త్రజ్ఞులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. అంకెల మీద మాత్రం వాదం లేదు.

దీంతో కబురు పంపవచ్చా?

అందరూ అడిగే ప్రశ్న ఇది. అమెరికాలో ఉన్న కొడుకుకు కాంతి కంటే వేగంగా కబురు పంపవచ్చా అని. పంపలేం.

ఆదోని హాలులో కూర్చున్న ఇన్విజిలేటరుకు కనబడేదేమిటి? రాముడి జవాబుల్లో సగం అవును, సగం కాదు, ఒక వరుస లేకుండా. ఎమ్మిగనూరులో ఏ ప్రశ్న వేసినా, అసలు పరీక్ష పెట్టకపోయినా, ఇక్కడ ఆ సగం సగం మారదు. మరి సంబంధం ఎప్పుడు బయటపడుతుంది? రెండు హాళ్ల జవాబు పత్రాలు ఒకచోటికి తెచ్చి పక్కపక్కన పెట్టినప్పుడే. ట్రెజరీలో పనిచేసిన మిత్రులకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బ్యాంకు స్క్రోలు ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు, ట్రెజరీ రిజిస్టరు ఒక్కటే చూసినా తెలియదు. టాలీ చేస్తేనే తెలుస్తుంది. ఆ పత్రాలు బస్సులోనో, ఫోనులోనో రావాలి. అవి కాంతిని మించి రాలేవు. ఐన్‌స్టీన్ పెట్టిన వేగ పరిమితి చెక్కుచెదరలేదు.

తాళం, తాళపుచెవి

కబురు పంపలేని దానితో ఉపయోగమేమిటి? తాళపుచెవి తయారు చేయవచ్చు.

ఇద్దరికీ ఒకే ప్రశ్న వచ్చిన విడతల్లో ఇద్దరి జవాబూ ఒకటేనని చెప్పాను. ఏ విడతలో ఏ ప్రశ్న వచ్చిందో బహిరంగంగా చెప్పుకొని, జవాబులు మాత్రం బయటపెట్టకుండా ఉంచుకుంటే, ఇద్దరి దగ్గరా ఒకే అవును-కాదుల వరుస మిగులుతుంది. అదే రహస్య సంకేతానికి తాళపుచెవి. ఇక వేర్వేరు ప్రశ్నలు వచ్చిన విడతలు కాపలాకు పనికొస్తాయి. దారిలో దొంగ ఎవడైనా ఫోటాన్‌ను పట్టి చూస్తే పెనవేత తెగిపోతుంది, టాలీ చెడిపోతుంది, దొంగ దొరికిపోతాడు. పోనీ నకలు తీసుకొని అసలును వదిలేద్దామంటే, తెలియని క్వాంటం స్థితికి జిరాక్సు కాపీ తీయడం అసాధ్యమని రుజువైంది. అది కూడా 1982లోనే. ఈ పద్ధతిని ఆర్థర్ ఎకర్ట్ 1991లో ప్రతిపాదించారు.

మన దేశంలోనూ పని జరుగుతోంది. 2022 జనవరిలో అహ్మదాబాదులోని ఇస్రో అంతరిక్ష ఉపయోగాల కేంద్రం, భౌతిక పరిశోధనాశాల కలిసి, 300 మీటర్ల ఎడంలో ఉన్న రెండు భవనాల మధ్య గాలిలో ఈ పని చేసి చూపాయి. 2025 జూన్‌లో డి.ఆర్.డి.ఓ., ఢిల్లీ ఐ.ఐ.టి. కలిసి కిలోమీటరుకు పైగా చేశామని ప్రకటించాయి. సెకనుకు దాదాపు 240 అవును-కాదులు దొరికాయి. ఒకనాడు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా ఉన్న భగవంతం గారు ఇది చూసి ఉంటే సంతోషించేవారు. కేంద్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 6,003.65 కోట్ల రూపాయలతో నేషనల్ క్వాంటం మిషన్‌కు ఆమోదం తెలిపింది. అమరావతి క్వాంటం వ్యాలీలో ఐ.బి.ఎం. వారి 156 క్యూబిట్ల యంత్రాన్ని నెలకొల్పడానికి ఐ.బి.ఎం., టి.సి.ఎస్.లతో 2025 మేలో అవగాహన కుదిరింది. క్యూబిట్ అంటే అవును-కాదు రెండింటి మిశ్రమ స్థితిలో ఉండగల మూలకం. అటువంటివాటిని ఒకదానితో ఒకటి పెనవేసి లెక్కలు చేయించడమే క్వాంటం కంప్యూటరు.

ఇక మన ఖాతాల సంగతి. బ్యాంకులు వాడే సంకేతాల్లో ముఖ్యమైనది పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడదీయడం కష్టమనే దానిమీద ఆధారపడింది. బాగా పెద్ద క్వాంటం కంప్యూటరు ఉంటే అది సులువవుతుందని 1994లో పీటర్ షోర్ చూపించారు. ఆ పని చేయగలిగినంత యంత్రం ఇంకా రాలేదు. వచ్చేలోగా తాళాలు మార్చుకోవాలని, కొత్త సంకేతాలకు ప్రమాణాలను అమెరికా సంస్థ ఒకటి 2024 ఆగస్టులో ప్రకటించింది కూడా. కాబట్టి ఈ విషయమై నిద్ర పాడుచేసుకోనక్కరలేదు. మన పెన్షన్‌కు ఇవాళ ఉన్న ముప్పు ఫోన్ చేసి ఓ.టి.పి. అడిగేవాడితోనే.

ఎంటాంగిల్‌మెంట్ పేరుతో అమ్మేవి

మొదట్లో చెప్పిన మాటకు వస్తాను. ఆ మధ్య ఒకచోట ఫంక్షన్ హాలులో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, లాకెట్లు, పరుపులు, నీళ్ల సీసాలు చూపించారట. ఇందులో క్వాంటం శక్తి ఉంది, మీ ఫోటో మా దగ్గర ఉంటే చాలు, ఎంటాంగిల్‌మెంట్ ద్వారా మీ మోకాళ్ల నొప్పి దూరం నుంచే తగ్గిస్తాం అన్నారట. మన సభ్యుడు వేలల్లో డబ్బు కట్టాడు. అంతకంటే నాకు బాధ కలిగించింది, ఆయన దాన్ని నమ్మి షుగరు మాత్రలు రెండు నెలలు ఆపేయడం. అదృష్టవశాత్తు పిల్లలు గమనించి డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు.

ఈ అరగంటలో చెప్పుకున్న దానితోనే ఆ మాటలను పరీక్షించవచ్చు. పెనవేసుకున్న కణంతో అవతలివైపుకు శక్తి పోదు, కబురు పోదు. మందు ఎలా పోతుంది? రెండోది, పెనవేత చాలా సున్నితం. గాలిలోని అణువు ఒకటి తగిలినా, కాస్త వేడి సోకినా తెగిపోతుంది. అందుకే ఆ యంత్రాలను సున్నాకు 273 డిగ్రీలు దిగువన, మన ఊహకందని చలిలో ఉంచుతారు. వెచ్చటి మనిషి ఒంటికీ, బీరువాలోని ఫోటోకూ మధ్య అది నిలుస్తుందనడం అబద్ధం. ఇకమీదట ఎవరైనా అలా అంటే, ఏ కణాన్ని దేనితో పెనవేశారు, ఏ కోణంలో కొలిచారు, నూటికి ఎన్ని కలిశాయి అని అడగండి. అంకె చెప్పలేనివాడి దగ్గర కొనకండి. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా మానకండి.

ఈ సందర్భంలో ఇంకొక మాట. కిందటి నెల ఒక మిత్రుడు నన్ను పక్కకు పిలిచి అడిగాడు. ఆయన భార్య పోయి ఏడాదైంది. నలభై ఏళ్లు కలిసి బతికాం కదా సార్, ఈ సైన్సు ప్రకారం మా ఇద్దరికీ మధ్య ఇంకా ఆ పెనవేత ఉన్నట్టేనా అన్నాడు. ఉందని చెబితే ఆయన మనసు కుదుటపడేది. కానీ నలభై ఏళ్ల కాపురం చేసిన మనిషికి లేనిపోని రుజువు చెప్పడం మర్యాద కాదనిపించింది. ఈ సూత్రం ఫోటాన్లకు, ఎలక్ట్రాన్లకు సంబంధించినది, మనుషుల మధ్య బంధం గురించి ఇది అవుననీ చెప్పదు, కాదనీ చెప్పదు అన్నాను. ఆమె మీకు జ్ఞాపకం రావడానికి భౌతిక శాస్త్రం ఇచ్చే సర్టిఫికెట్ అవసరం లేదు కదా అన్నాను. ఆయన కాసేపు ఊరుకొని, అదీ నిజమే సార్, ఆమెకు లెక్కలంటే పడేవి కావు అని నవ్వాడు. ఆ తర్వాత ఇద్దరం టీ తాగి, ఆమె గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం.

మనవి

మిత్రులారా, క్వాంటం సిద్ధాంతానికి నూరేళ్లు నిండిన సందర్భంగా ఐక్యరాజ్యసమితి 2025ను అంతర్జాతీయ క్వాంటం సంవత్సరంగా జరిపింది. ఐన్‌స్టీన్ ఓడిపోయారని కొందరు అంటారు. నాకు అలా అనిపించదు. ఆయన వేసిన ప్రశ్న లేకపోతే బెల్ లెక్క లేదు, బెల్ లెక్క లేకపోతే ఆస్పే ప్రయోగం లేదు. మంచి ప్రశ్న అడిగినవాడి జవాబు తప్పయినా, ప్రశ్న మిగులుతుంది.

మీ ఇళ్లలో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలుంటే రాముడు, భీముడు లెక్క చెప్పి చూడండి. చీటీ రాసి 100 కంటే తగ్గించమని పందెం వేయండి. పది నిమిషాలు తంటాలు పడి, కుదరదని వాళ్లంతట వాళ్లే తేల్చుకుంటారు. అలా తేల్చుకున్న పిల్లకు గానీ, పిల్లవాడికి గానీ ఇష్టం కలిగితే ఫిజిక్సు చదవనివ్వండి. ఉద్యోగం వస్తుందా రాదా అని మొదట్లోనే అడ్డుపడకండి. ఆస్పరి నుంచి అమరావతి దూరమేమీ కాదు.

పోలరాయిడ్ అద్దాలు రెండు తెచ్చాను. భోజనాల తర్వాత చూడదలచినవారు నా దగ్గరికి రండి.  సెలవు.